చిప్ కథంతా సిలికాన్ పైపొర మీదే నడిచింది

ప్రశ్న: "సార్, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిప్‌ల రంగంలోకి వెళ్లాలని ఉంది. ఇంట్లో వాళ్లు మాత్రం అది ఈసీఈ చదివినవాళ్ల పని, నీకెందుకు అంటున్నారు. సిలికాన్ చిప్‌లు ఇంతగా ఎదగడంలో ఫిజిక్స్ పరిశోధన నిజంగా ఏం చేసింది? ఇప్పుడు ఫిజిక్స్ వాళ్లకు అందులో పని మిగిలి ఉందా?"

తమ్ముడూ, ట్రాన్సిస్టర్‌ను కనిపెట్టింది ఫిజిక్స్ వాళ్లే, దానికి 1956లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. ఆ మాట నిజమే గానీ మీ ఇంట్లోవాళ్ల అనుమానం దానితో తీరదు. "సరే, ఎప్పుడో కనిపెట్టారు, ఆ తర్వాత చేసిందంతా ఇంజనీర్లే కదా" అంటారు. అందుకని కొంచెం ఓపిగ్గా చెబుతాను. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత సిలికాన్ మీద పెంచే ఆక్సైడ్ పొరల మీద పీహెచ్‌డీ చేశాను. ఆ తర్వాత 20 ఏళ్లకు పైగా ఫ్యాబుల్లో, అంటే చిప్‌లు తయారు చేసే ఫ్యాక్టరీల్లో, ఎక్కువ కాలం ఫర్నేసుల దగ్గర, కొలత పరికరాల దగ్గర పనిచేశాను. నేను చూసినంతలో ఫిజిక్స్ చేసిన అసలు మేలు ఒకటే. పని ఆగిపోయిన ప్రతిసారీ, ఎందుకు ఆగిందో పట్టుకుని చెప్పింది. ఇది చూపించడానికి ఒకే దారం పట్టుకుంటాను. ఆ దారం సిలికాన్ ముక్క పైపొర. ముక్క లోపలి భాగం కన్నా ఆ పైపొరే మనుషుల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1928లో ఫెలిక్స్ బ్లాక్ స్ఫటికంలో ఎలక్ట్రాన్ ఎలా కదులుతుందో క్వాంటమ్ మెకానిక్స్‌తో లెక్కగట్టాడు. 1931లో కేంబ్రిడ్జ్‌కు చెందిన అలన్ విల్సన్ ఆ లెక్కను ముందుకు తీసుకెళ్లి, లోహానికీ సెమీకండక్టర్‌కూ తేడా ఎక్కడుందో, కొద్దిపాటి మలినం వల్ల కరెంటు అంతగా ఎందుకు మారుతుందో వివరించాడు. ఆ రోజుల్లో ఈ పదార్థాలంటే పెద్ద పెద్దవాళ్లకే గౌరవం లేదు. అదంతా మురికి గందరగోళమనీ, వాటి మీద పనిచేయకూడదనీ, అసలు అలాంటివి ఉన్నాయో లేదో ఎవరికి తెలుసనీ వోల్ఫ్‌గాంగ్ పౌలీ అదే 1931లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆయన విసుగుకు కారణం ఉంది. ఒకే పేరున్న రెండు ముక్కలు రెండు రకాలుగా ప్రవర్తించేవి. ఎంత మలినం ఉందో కొలిచే దారి లేదు, తీసేసే దారి అంతకన్నా లేదు.

ఆ మురికి వదిలించింది రాడార్. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తరంగాలను పట్టుకోవడానికి సిలికాన్ డిటెక్టర్లు కావలసి వచ్చాయి, వాటి కోసం సిలికాన్‌నూ జర్మేనియంనూ శుద్ధి చేయడం నేర్చుకున్నారు. సరిగ్గా అదే కాలంలో, 1940లో, అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల అయిన బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ దగ్గర మధ్యలో పగులున్న ఒక సిలికాన్ ముక్క ఉండేది. దాని మీద వెలుతురు పడితే దాదాపు అర వోల్టు పుట్టేది. పగులుకు ఒకవైపు ఒక రకం మలినం, రెండోవైపు ఇంకో రకం చేరడం వల్ల అలా జరుగుతోందని తేలింది. మనం ఈరోజు పీ-ఎన్ జంక్షన్ అంటున్నది అదే. ఈ భాగాన్ని ఇంతటితో వదిలేస్తున్నాను, ఎందుకంటే నీ సిలబస్‌లో ఇదంతా ఉంటుంది. సిలబస్‌లో సరిగ్గా చెప్పనిది ఆ తర్వాతి కథ.

కాలువ మీద తూము ఉంటుంది చూడు, తలుపు ఎత్తితే నీళ్లు, దించితే లేవు. ఎలక్ట్రాన్లకు కూడా అలాంటి తూము కట్టాలన్నది చాలా పాత ఆలోచన. సెమీకండక్టర్ ముక్క పైన, దానికి తగలకుండా ఒక లోహపు రేకు పెట్టి, రేకుకు వోల్టేజీ ఇస్తే కింద ఎలక్ట్రాన్లు పోగవ్వాలి, ముక్కలో కరెంటు పెరగాలి. జూలియస్ లిలియన్‌ఫెల్డ్ 1925లోనే దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. 1945లో బెల్ ల్యాబ్స్‌లో విలియం షాక్లీ లెక్కలన్నీ చూసుకుని ఇది పనిచేసి తీరాలన్నాడు. చేసి చూస్తే కరెంటులో చెప్పుకోదగ్గ మార్పే రాలేదు. మళ్లీ చేశారు, మళ్లీ అదే. లెక్క తప్పా, ప్రయోగం తప్పా అన్నది తెలియలేదు.

అప్పుడు షాక్లీ ఆ లెక్కలను కొత్తగా చేరిన జాన్ బార్డీన్ చేతికిచ్చాడు. లెక్క సరిగ్గానే ఉందని బార్డీన్ తేల్చాడు. మరి ఎలక్ట్రాన్లు ఏమయ్యాయి? స్ఫటికం లోపల ప్రతి సిలికాన్ పరమాణువూ నాలుగు పక్కల ఉన్న నాలుగు పరమాణువుల చేతులు పట్టుకుని ఉంటుంది. పైపొరలో ఉన్న పరమాణువుకు పైన ఎవరూ లేరు, దాని చెయ్యి గాల్లో వేలాడుతూ ఉంటుంది. గేటు, అంటే పైనున్న ఆ లోహపు రేకు, లాగిన ఎలక్ట్రాన్లు వచ్చి ఆ ఖాళీ చేతుల దగ్గర చిక్కుకుపోతాయి. చిక్కుకున్న ఎలక్ట్రాన్ కదలదు, కరెంటు మోయదు. పైగా గేటు ప్రభావం లోపలికి చేరకుండా తెరలా అడ్డుపడుతుంది. ఈ వివరణ 1947లో ఫిజికల్ రివ్యూలో అచ్చయింది. నా దృష్టిలో ట్రాన్సిస్టర్ చరిత్రలో అన్నిటికన్నా విలువైన కాగితం ఇదే. పనిచేసే వస్తువేదీ అందులో లేదు. ఒక వస్తువు ఎందుకు పనిచేయలేదో మాత్రమే ఉంది. ఆ రోజు నుంచి ఆ బృందం గుడ్డిగా మళ్లీ మళ్లీ రేకులు మార్చడం ఆపి, పైపొరనే పరిశోధించడం మొదలుపెట్టింది. ఆ పరిశోధనల మధ్యలోనే 1947 డిసెంబర్ 16న బార్డీన్, వాల్టర్ బ్రాటైన్ జర్మేనియం ముక్క మీద రెండు బంగారు మొనలు ఆనించి మొదటి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ ట్రాన్సిస్టర్ పైపొర సమస్యను తీర్చలేదు, దాన్ని తప్పించుకుంది. షాక్లీ ఆ తర్వాత రూపొందించిన జంక్షన్ ట్రాన్సిస్టర్ కూడా ముక్క లోపలే పనిచేస్తుంది. లిలియన్‌ఫెల్డ్ తూము ఇంకా అలాగే మూతపడి ఉంది.

అది తెరుచుకోవడానికి దారి ఒక ప్రమాదం వల్ల దొరికింది. 1955లో బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ ఫ్రాష్, లింకన్ డెరిక్ హైడ్రోజన్ నింపిన ఫర్నేసులో సిలికాన్ వేఫర్లను, అంటే పల్చని సిలికాన్ బిళ్లలను, వేడి చేస్తుండగా హైడ్రోజన్ అంటుకుంది, నీటి ఆవిరి లోపలికి చేరింది. బయటికి తీసి చూస్తే వేఫర్లు పాడవలేదు సరికదా, వాటి మీద గాజులాంటి ఆక్సైడ్ పొర మెరుస్తూ ఉంది. ఇనుముకు తుప్పు పడితే పెచ్చులూడి లోపలి ఇనుము కూడా పోతుంది. సిలికాన్‌కు పట్టే తుప్పు దాన్ని కప్పి కాపాడుతుంది. జర్మేనియం ఆక్సైడ్‌కు నీళ్లు తగిలితే కరిగిపోతుంది. ఎలక్ట్రాన్లను జర్మేనియం కన్నా నెమ్మదిగా నడిపించే సిలికాన్ చివరికి గెలవడానికి పెద్ద కారణం ఈ తుప్పే. ఫ్రాష్ వాళ్లు ఆ పొరను మలినాలు లోపలికి పోకుండా అడ్డుపెట్టే ముసుగుగా వాడుకోవచ్చని చూపించారు. అదే బెల్ ల్యాబ్స్‌లో మొహమ్మద్ అటాలా ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. సిలికాన్‌ను బాగా కడిగి, ఆక్సైడ్‌ను జాగ్రత్తగా పెంచితే బార్డీన్ చెప్పిన ఆ వేలాడే చేతులను ఆక్సిజన్ పరమాణువులు పట్టుకోవా? చాలావరకు పట్టుకున్నాయి. ఆ ధైర్యంతో అటాలా, డాన్ కాంగ్ 1960లో మాస్ ట్రాన్సిస్టర్‌ను చూపించారు. పైన లోహం, మధ్యలో ఆక్సైడ్, కింద సెమీకండక్టర్. లిలియన్‌ఫెల్డ్ దరఖాస్తు పెట్టిన 35 ఏళ్లకు తూము తెరుచుకుంది. నీ ఫోన్‌లో ఉన్న వందల కోట్ల ట్రాన్సిస్టర్లన్నీ దాని వారసులే.

అయినా వెంటనే ఎవరూ దాన్ని నమ్మలేదు. ఉదయం 2 వోల్టులకు తెరుచుకున్న ట్రాన్సిస్టర్ సాయంత్రానికి 5 వోల్టులు అడిగేది. ఒకే వేఫర్ మీద పక్కపక్కనే ఉన్నవి కూడా వేరువేరుగా జరిగిపోయేవి. ఎందుకో నీకు లెక్కతో చెబుతాను, కాగితం మీద నువ్వూ వేసి చూడు. 100 నానోమీటర్ల మందం ఆక్సైడ్ ఉంటే, గేటు మీద 1 వోల్టు పెంచినప్పుడు కింద చదరపు సెంటీమీటరుకు దాదాపు 21 వేల కోట్ల ఎలక్ట్రాన్లు చేరతాయి. సిలికాన్ పైపొరలో అదే చదరపు సెంటీమీటరులో సుమారు 680 లక్షల కోట్ల పరమాణువులు ఉంటాయి. ఆక్సైడ్‌లో ధనావేశం ఉన్న సోడియం అయాన్లు లక్ష కోట్లు ఉన్నాయనుకో. అంటే పైపొరలోని 680 పరమాణువులకు ఒక్క సోడియం. అవి గేటు వైపు నుంచి సిలికాన్ వైపుకు జరిగితే ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజీ దాదాపు 4.6 వోల్టులు మారిపోతుంది. చెమటలో సోడియం, గాజులో సోడియం, ఉప్పులో ఎలాగూ సోడియం. మనిషి ఉన్న ప్రతి గదిలోనూ సోడియమే.

దోషి సోడియమని తేల్చినవాళ్లలో ఫెయిర్‌చైల్డ్ అనే చిప్ కంపెనీలో పనిచేసిన ఎడ్ స్నో, ఆండ్రూ గ్రోవ్, బ్రూస్ డీల్, చి-టాంగ్ సా ముఖ్యులు. 1965లో అచ్చయిన వాళ్ల పని చదివితే ఎంత నిదానంగా ఆలోచించారో తెలుస్తుంది. వేడి చేసి, గేటుకు ధన వోల్టేజీ పెట్టి, చల్లార్చి, కెపాసిటెన్స్ కొలవడం. మళ్లీ వేడి చేసి రుణ వోల్టేజీ పెట్టి కొలవడం. కెపాసిటెన్స్-వోల్టేజీ వక్రరేఖ ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగితే లోపల కదిలే అయాన్ ఉన్నట్టు. ఎంత జరిగిందో దాన్నిబట్టి ఎన్ని అయాన్లో లెక్క. ఏ వేడి దగ్గర ఎంత వేగంగా జరిగిందో దాన్నిబట్టి ఆ అయాన్ ఏమిటో ఊహ.

ఇది నాకు పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే కాదు. నా పీహెచ్‌డీ మూడో ఏడాది వేసవిలో నా కెపాసిటర్ల వక్రరేఖలన్నీ ఉన్నట్టుండి ఇలాగే జరగడం మొదలుపెట్టాయి. రెండు నెలలు ఒకటే టెన్షన్, నిద్ర ఉండేది కాదు. ఫర్నేసు ట్యూబు మార్చాను, ఆమ్లాలు మార్చాను, నీళ్లు మార్చాను. చివరికి మా గైడు, "అన్నీ ఒకేసారి మారిస్తే ఏం తెలుస్తుంది? ఒక్కటి మార్చు, మిగతావి కదపకు" అన్నారు. ఒకే ఆక్సైడ్ వేఫర్‌ను రెండు ముక్కలు చేసి, ఒకదానికి మా ల్యాబులోనే అల్యూమినియం పూత వేశాను, రెండోదానికి ఎలక్ట్రాన్ బీమ్ పరికరం ఉన్న ఇంకో చోట వేయించాను. అక్కడ వేయించిన ముక్క కదల్లేదు, మాది కదిలింది. అల్యూమినియాన్ని ఆవిరి చేయడానికి మేం వాడే టంగ్‌స్టన్ తీగచుట్టలు ఆ మధ్యే కొత్త సరుకు వచ్చాయి. ఆ తీగ నుంచే సోడియం వస్తోంది. తర్వాత పాత కాగితాలు తిరగేస్తే, 1960ల్లో వాళ్లు పట్టుకున్న దొంగల్లో ఈ టంగ్‌స్టన్ తీగ కూడా ఒకటని కనిపించింది. వాళ్లు రాసిపెట్టిన కొలత పద్ధతి లేకపోతే నా పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయేదని ఇప్పటికీ నమ్ముతాను.

సోడియం పోయాక కూడా వేలాడే చేతులు కొన్ని మిగిలాయి. వాటిని కంటితో చూడలేం కదా, మరి ఎలా లెక్కపెట్టారు? జతలేని ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతం. అయస్కాంత క్షేత్రంలో పెట్టి మైక్రోవేవ్‌లు పంపితే అది ఒక నిర్దిష్టమైన చోట శక్తిని పీల్చుకుంటుంది. ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ అనే ఈ పద్ధతిని స్వచ్ఛమైన ఫిజిక్స్ కోసం తయారు చేసుకున్నారు. 1971లో యోషియో నిషి దాన్ని సిలికాన్, ఆక్సైడ్ కలిసే చోట వాడి ఒక సంకేతాన్ని గుర్తించాడు. ఆ తర్వాత పదేళ్లలో పాయిండెక్స్‌టర్, కాప్లాన్ ఆ సంకేతం మూడు సిలికాన్ పరమాణువులను పట్టుకుని నాలుగో చెయ్యి ఖాళీగా ఉన్న సిలికాన్‌దేనని రుజువు చేశారు. బార్డీన్ కాగితం మీద చెప్పింది దాదాపు పాతికేళ్లకు స్పెక్ట్రమ్‌లో గీతగా కనిపించింది. ఫ్యాబుల్లో వేఫర్‌ను చివర్లో హైడ్రోజన్ కలిసిన వాయువులో 400 డిగ్రీలు దాటించి ఒక అరగంట ఉంచుతారు. ఆ వేలాడే చేతులను హైడ్రోజన్ పట్టుకుంటుంది. మంచి వేఫర్ మీద పైపొరలో సుమారు 70 వేల పరమాణువులకు ఒక్క లోపం మిగిలే స్థాయికి ఇలా దిగారు. మనుషులు తయారు చేసిన వేరే ఏ రెండు పదార్థాల సరిహద్దూ ఇంత పెద్ద ఎత్తున ఇంత శుభ్రంగా లేదని నా అభిప్రాయం.

ఇక్కడ చిన్న పక్కదారి పడతాను, ఎందుకంటే ఇది ఫిజిక్స్ చదివేవాడిగా నీకు నచ్చుతుంది. పైపొర అంత శుభ్రమయ్యేసరికి, గేటు కింద చేరిన ఎలక్ట్రాన్లు కొన్ని నానోమీటర్ల పల్చని రేకులా, రెండు దిశల్లో మాత్రమే కదులుతాయి. 1966లో ఐబీఎమ్‌లో ఫౌలర్, ఫాంగ్, హోవర్డ్, స్టైల్స్ దీన్ని ప్రయోగంతో చూపించారు. 1980 ఫిబ్రవరిలో గ్రెనోబుల్‌లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ ఒక మామూలు సిలికాన్ మాస్ ట్రాన్సిస్టర్‌ను బాగా చల్లబరచి, బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి కొలిస్తే, నిరోధం మెట్లుమెట్లుగా మారుతోంది. ఆ మెట్ల విలువ 25,812.807 ఓములను పూర్ణసంఖ్యలతో భాగిస్తే వచ్చేది. ముక్క ఆకారంతో సంబంధం లేదు, ఎవరు తయారు చేశారన్న దానితో సంబంధం లేదు. 1985 నోబెల్ ఆయనకు దీనికే వచ్చింది. ఈరోజు ప్రపంచమంతా ఓమును ఈ ప్రభావంతోనే కొలిచి సరిచూసుకుంటోంది. ఫిజిక్స్ చిప్‌కు ఇచ్చిన దానిలో కొంత చిప్ ఫిజిక్స్‌కు ఇలా తిరిగిచ్చింది.

మళ్లీ దారం దగ్గరికి వద్దాం. 1974లో ఐబీఎమ్‌లో రాబర్ట్ డెన్నార్డ్ బృందం ఒక సూత్రం రాసింది. ట్రాన్సిస్టర్ పొడవు, వెడల్పు, ఆక్సైడ్ మందం, వోల్టేజీ అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తూ పోతే లోపలి విద్యుత్ క్షేత్రం మారదు, ట్రాన్సిస్టర్ వేగం పెరుగుతుంది, వేడి మాత్రం పెరగదు. 30 ఏళ్లు పరిశ్రమ ఈ సూత్రం మీద బతికింది. 2000 తర్వాత అది రెండు చోట్ల గోడకు తగిలింది. రెండూ ఫిజిక్స్ గోడలే.

మొదటిది ఆక్సైడ్ మందం. 1.2 నానోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పొరలో పరమాణువుల వరుసలు అయిదారుకు మించి లేవు. గోడ అంత పల్చనైతే ఎలక్ట్రాన్ దాన్ని ఎక్కి దూకనక్కర్లేదు, టన్నెలింగ్‌తో అటు తేలుతుంది. ప్రతి 0.2 నానోమీటర్లు తగ్గించినప్పుడల్లా లీకేజీ దాదాపు పది రెట్లవుతుంది. 1999లో డేవిడ్ మల్లర్, అతని సహచరులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ పొరను పరమాణువుల స్థాయిలో చూసి, 0.7 నానోమీటర్ల కన్నా పల్చనైతే అది ఆక్సైడ్‌లా ప్రవర్తించడమే మానేస్తుందని చూపించారు. ఇంక తగ్గించడానికి చోటు లేదు. పొర మందంగా ఉండాలి, కానీ గేటుకు పల్చగా ఉన్నట్టే అనిపించాలి. దానికి డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఎక్కువున్న, అంటే అదే మందంలో, అదే వోల్టేజీకి ఎక్కువ ఆవేశాన్ని పోగుచేయగల, పదార్థం కావాలి. సిలికాన్ ఆక్సైడ్‌ది 3.9, హాఫ్నియం ఆక్సైడ్‌ది 20 దాటుతుంది. వినడానికి తేలికే గానీ, పెట్టి చూస్తే ఎలక్ట్రాన్ల వేగం పడిపోయింది, తెరుచుకునే వోల్టేజీ ఎక్కడో ఇరుక్కుని కదలనంది. హాఫ్నియం ఆక్సైడ్‌లోని పరమాణువుల కంపనాలు కింద నడిచే ఎలక్ట్రాన్లను తన్నుతున్నాయనీ, పైన అప్పటికి లోహం బదులు వాడుతున్న పాలీసిలికాన్ (చిన్న చిన్న స్ఫటికాల సిలికాన్) గేటుకూ ఈ ఆక్సైడ్‌కూ పడటం లేదనీ తేలింది. గేటును తిరిగి లోహంతో చేస్తే, లోహంలోని దట్టమైన ఎలక్ట్రాన్లు ఆ కంపనాల ప్రభావాన్ని కప్పేస్తాయి. ఇంటెల్ 2007లో 45 నానోమీటర్ల చిప్‌లతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. నేను ఆ రోజుల్లో ఫ్యాబులోనే ఉన్నాను. నలభై ఏళ్లకు పైగా కాచిన ఆక్సైడ్ దగ్గర ఇంకో పదార్థం వచ్చి కూర్చోవడం చూస్తే ఇంట్లో పెద్దదిక్కు మారినట్టే అనిపించింది. అప్పుడు కూడా సిలికాన్‌ను తాకే చోట అర నానోమీటరు చిల్లర మందంలో పాత ఆక్సైడ్‌నే ఉంచారు. పైపొరకు అంతకన్నా మంచి తోడు దొరకలేదు.

రెండో గోడ వోల్టేజీ. ట్రాన్సిస్టర్‌ను మూసేటప్పుడు కరెంటును పదో వంతుకు తగ్గించాలంటే గది ఉష్ణోగ్రత దగ్గర కనీసం 60 మిల్లీవోల్టులు తగ్గించాలి. వేడి వల్ల ఎలక్ట్రాన్ల శక్తి ఎలా పంచుకుని ఉంటుందో చెప్పే బోల్ట్జ్‌మన్ పంపకం నుంచి నేరుగా వచ్చే సంఖ్య ఇది, ఎంత గొప్ప ఇంజనీరైనా మామూలు ట్రాన్సిస్టర్‌లో దీన్ని దాటలేడు. చిప్ 85 డిగ్రీలకు వేడెక్కితే అది 71 అవుతుంది. అందువల్ల వోల్టేజీ 1 వోల్టు దగ్గర్లో చిక్కుకుపోయింది. ప్రాసెసర్ల గడియారం వేగం 2005 ప్రాంతంలో ఆగిపోయి, ఒక్క కోర్ (లెక్కలు చేసే భాగం) చోట రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు రావడానికి ముఖ్యమైన కారణం ఇదే.

పైపొరకు దూరంగా జరిగినవి కూడా కొన్ని చెబుతాను, వేగంగా. సిలికాన్‌లో మలినాలను కావలసినచోట కావలసినంత పెట్టడానికి ఇప్పుడు అయాన్లను వేగవంతం చేసి కొడతారు. ఆ యంత్రం న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబుల యాక్సిలరేటర్ తమ్ముడే. అయాన్ ఎంత లోతుకు వెళ్లి ఆగుతుందో చెప్పే లెక్క 1963లో డెన్మార్క్‌లో లిండ్‌హార్డ్, షార్ఫ్, షియట్ కట్టారు. స్ఫటికంలో వరుసల మధ్య సందుల్లోంచి అయాన్ దూసుకుపోతుందని తెలిశాక వేఫర్‌ను 7 డిగ్రీలు వంచి కొట్టడం అలవాటైంది. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్, సిలికాన్‌ను నొక్కితే లేదా సాగదీస్తే దాని నిరోధం బాగా మారుతుందని కొలిచి పెట్టాడు. ట్రాన్సిస్టర్‌కు రెండు పక్కలా సిలికాన్-జర్మేనియం పెట్టి మధ్యలోని దారిని నొక్కే పద్ధతిని ఇంటెల్ 90 నానోమీటర్ల చిప్‌లలో 2003లో తెచ్చింది. కొలతకూ వాడకానికీ మధ్య 49 ఏళ్లు. ఫలితం వెంటనే రాని పరిశోధనకు డబ్బెందుకు అని ఎవరైనా అడిగితే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

1978లో ఇంటెల్‌లో టిమోతీ మే, ముర్రే వుడ్స్ మెమరీ చిప్‌లలో బిట్లు వాటంతటవే మారిపోవడానికి కారణం వెతికితే, చిప్‌ను పెట్టే సిరామిక్ ప్యాకేజీలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం విడిచే ఆల్ఫా కణాలు దొరికాయి. ఇక ఇప్పటి చిప్‌లను ముద్రించే ఈయూవీ (తీవ్ర అతినీలలోహిత కాంతి) యంత్రంలో కరిగిన తగరపు బొట్లు సెకనుకు 50 వేలు పడుతుంటే, ఒక్కో బొట్టును లేజర్ రెండుసార్లు కొట్టి ప్లాస్మాగా మారుస్తుంది. అందులోంచి 13.5 నానోమీటర్ల కాంతి వస్తుంది. ఆ కాంతిని గాలి కూడా మింగేస్తుంది కాబట్టి అంతా శూన్యంలోనే. లెన్సులు పనికిరావు, మాలిబ్డినం, సిలికాన్ పొరలు పదుల కొద్దీ పేర్చిన అద్దాలు వాడతారు. ఒక్కో అద్దం 70 శాతం మాత్రమే తిప్పి పంపుతుంది. పది అద్దాలు దాటేసరికి 3 శాతం కూడా మిగలదు. 1986లో జపాన్‌లో హిరో కినోషిటా ఇలా ముద్రించవచ్చని చెప్పినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. ఫ్యాక్టరీల్లో పెద్ద ఎత్తున వాడకం 2019 ప్రాంతంలో మొదలైంది.

ఇదంతా విని ఘనతంతా ఫిజిక్స్‌దే అనుకోవద్దు. సోడియాన్ని పట్టుకున్న బ్రూస్ డీల్ కెమిస్టు, గ్రోవ్ కెమికల్ ఇంజనీరు. చిప్‌ను మొదట చేసి చూపించిన జాక్ కిల్బీ ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఆయనకు 2000లో ఇచ్చిన నోబెల్ మాత్రం ఫిజిక్స్‌లో. ఫ్యాబులో ఎవరి డిగ్రీ ఏమిటని ఎవరూ అడగరు. సమస్య వచ్చినప్పుడు ఎవరి చేతిలో ఏ కొలత ఉందన్నదే చూస్తారు. ఫిజిక్స్ చదివినవాడికి అక్కడ చోటు దొరికేది, ఒక వక్రరేఖను చూసి "లోపల ఇది జరిగి ఉండాలి, అలాగైతే ఫలానా చోట ఇలా కనిపించాలి" అని చెప్పగలిగినప్పుడే.

ఇప్పుడు పని మిగిలి ఉందా అంటే, పైపొరే మళ్లీ జవాబు చెబుతుంది. ఇంటెల్ 2011లో ప్రకటించిన 22 నానోమీటర్ల ట్రాన్సిస్టర్లలో గేటు మూడు వైపులా చుట్టుకుంది. శాంసంగ్ 2022లో మొదలుపెట్టిన 3 నానోమీటర్ల తరంలో నాలుగు వైపులా చుట్టుకుంది. కరెంటు నడిచే సిలికాన్ రేకు 5 నానోమీటర్ల మందం ఉందనుకుంటే అందులో పరమాణువుల వరుసలు 40 లోపే. అంటే దాదాపు మొత్తం పైపొరే. ఇంతకుముందు పట్టించుకోని గరుకుతనం, ఒక్కో పరమాణువు స్థానం, ఇప్పుడు ట్రాన్సిస్టర్‌కూ ట్రాన్సిస్టర్‌కూ తేడా తెస్తున్నాయి. వైర్లదీ అదే గోల. రాగిలో ఎలక్ట్రాన్ ఎక్కడా తగలకుండా దాదాపు 39 నానోమీటర్లు పోగలదు, వైరే 20 నానోమీటర్లకు దిగితే అది అడుగడుక్కీ గోడలకు కొట్టుకుంటుంది, నిరోధం పెరిగిపోతుంది. అందుకే రుథేనియం లాంటి లోహాల వైపు చూస్తున్నారు. ఒక పొర నుంచి ఇంకో పొరకు వేడి ఎలా దాటుతుందన్నది ఇంకా సరిగ్గా లెక్కకు అందని సమస్య. నా మనసుకు బాగా దగ్గరైంది మాత్రం సిలికాన్ స్పిన్ క్యూబిట్లు, అంటే ఒక్కో ఎలక్ట్రాన్ స్పిన్‌లో సమాచారం దాచే క్వాంటమ్ కంప్యూటర్ బిట్లు. మామూలు సిలికాన్‌లో 4.7 శాతం ఉండే సిలికాన్-29 కేంద్రకాలకు అయస్కాంతత్వం ఉంటుంది, అది క్యూబిట్‌ను చెడగొడుతుంది. అందుకని సిలికాన్-28 మాత్రమే ఉండేలా శుద్ధి చేస్తున్నారు. అది తీసేశాక మిగిలే అలజడిలో పెద్ద భాగం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? ఆక్సైడ్ సరిహద్దులోని లోపాల నుంచే. 1947 నాటి ప్రశ్నే, ఇప్పుడు ఒక్క ఎలక్ట్రాన్ స్థాయిలో.

చివరగా నీ సంగతి. హైదరాబాద్‌లో చిప్ కంపెనీల ఉద్యోగాలు ఎక్కువగా డిజైన్, వెరిఫికేషన్ వైపు ఉంటాయి. అక్కడ ఈసీఈ వాళ్లకే మొదటి పిలుపు వస్తుంది, ఈ విషయంలో మీ ఇంట్లోవాళ్లు తప్పు చెప్పలేదు. నువ్వు చూడాల్సింది ప్రాసెస్, డివైస్, కొలతల వైపు. బెంగళూరు ఐఐఎస్సీలోనూ, ఐఐటీ బాంబేలోనూ మంచి నానోఫ్యాబ్రికేషన్ కేంద్రాలున్నాయి. ఐఐటీ బాంబే కేంద్రాన్ని నిలబెట్టినవాళ్లలో తెలుగువారైన వి. రాంగోపాల్ రావు ఒకరు. బయటి కాలేజీల విద్యార్థులు కూడా వెళ్లి శిక్షణ పొందడానికి, చిన్న ప్రాజెక్టులు చేసుకోవడానికి ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ ఉంది. మొహాలీలోని సెమీ-కండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల లైను నడుస్తోంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇంకా టాపిక్ ఖాయం కాకపోతే మాస్ కెపాసిటర్ తీసుకో. సిలికాన్, ఆక్సైడ్, అల్యూమినియం చుక్కలు, అంతే. కెపాసిటెన్స్-వోల్టేజీ వక్రరేఖ తీయి. ఆ తర్వాత 200 డిగ్రీలకు వేడి చేసి, గేటుకు ధన వోల్టేజీ పెట్టి పది నిమిషాలు ఉంచి, చల్లార్చి మళ్లీ తీయి. వక్రరేఖ జరిగితే, ముందుది, తర్వాతది రెండు గ్రాఫులూ ఇక్కడ పెట్టు. ఆక్సైడ్ మందం ఎంతో, అల్యూమినియం ఎలా వేశారో కూడా రాయి. కలిసి చూద్దాం.